వాయిదా కోరుట పాపమా?



అబద్ధమాడుట పాపమని మన పిల్లలకు సండేస్కూలులోనే నేర్పుతాము. దొంగతనము పాపమని నేర్పుతాము. కాని "ఈ సంగతి వచ్చే సమావేశములో చూద్దాము" అనుట పాపమని ఎవరూ నేర్పరు. నేర్పవలెనా, అక్కరలేదా? ఈసారి మీతో కలిసి ఆలోచింపగోరుచున్నది ఆ ఒక్క ప్రశ్ననే. ఈ ప్రశ్న నాకు ప్రసంగములో ఎదురుపడలేదు. ఒక ఇంగ్లీషు నాటకము చదువుచుండగా ఎదురైనది.

ఆ నాటకము పేరు 'క్యోటో'. జో మర్ఫీ, జో రాబర్ట్‌సన్ అను ఇద్దరు కలిసి వ్రాశారు. 2024 లో షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్ పట్టణములో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీవారు మొదట ఆడారు. 2025 లో లండనులో ఆడారు. భూమి వేడెక్కుటను గూర్చి లోకదేశములు 1997 డిసెంబరులో జపానులోని క్యోటో నగరమందు కూడి చేసుకొన్న ఒడంబడికయే దాని కథ. అందులో యుద్ధము లేదు, ప్రేమకథ లేదు. ఒక పెద్ద గుండ్రని బల్ల, చుట్టు ప్రతినిధులు, వారి ముందు కాగితములు, అంతే. చూడవచ్చినవారి మెడలలో కూడ ప్రతినిధులకిచ్చే గుర్తింపు కార్డులు వేసి కూర్చోబెట్టారు.

మాటల మీద, కామాల మీద జరిగే తగాదాలో నాటకమేమున్నదని అడుగుతారేమో. మనవారికి ఆ సందేహము రాకూడదు. మన ఊళ్ళలో తెల్లవార్లు కూర్చుని చూచిన రాయబారము పద్యనాటకము సంధి నాటకమే గదా! తిరుపతి వేంకటకవుల పద్యములు మన తాతలలో క్రైస్తవులైనవారికి కూడ కంఠస్థముగా ఉండేవి. అయిదు ఊళ్ళిస్తే చాలునన్న దగ్గర సభ ఎలా బిగుసుకొంటుందో వారికి తెలుసు. యుద్ధము తప్పదని ముందే తెలిసినా, సంధి కుదురుతుందేమోనని చివరి పద్యము వరకు ఎదురుచూచేవారు.

'క్యోటో' నాటకములో కథ చెప్పేవాడు ఒడంబడిక కావాలని పోరాడినవాడు కాడు. దానిని ఆపుటకు పూనుకొన్నవాడు. ఆయన పేరు డాన్ పెర్ల్‌మన్. కల్పిత పాత్ర కాదు. అమెరికా న్యాయవాది, రీగన్ ప్రభుత్వములో పనిచేసినవాడు. తరువాత బొగ్గు, చమురు కంపెనీల పక్షమున ఈ సభలన్నిటికి హాజరైనాడు. తనను పంపినవారెవరో బయటికి చెప్పేవాడు కాడు. సౌదీ అరేబియా, కువైట్ ప్రతినిధులకు ఎప్పుడు చేయెత్తవలెనో, ఏ మాట మీద అభ్యంతరము చెప్పవలెనో కాగితము మీద వ్రాసి అందించేవాడు. నాటకకర్తలు ఇట్టి మనిషి నోట కథ చెప్పించుట మంచి పని అయినది. ఆయన తెలివిగలవాడు, హాస్యము తెలిసినవాడు, భార్య షర్లీ అంటే ప్రేమగలవాడు. దుర్మార్గుడని వేలెత్తి చూపుట సులభముగా ఉంటే మనము నాటకము చూచి, వేలెత్తి, ఇంటికి పోయి నిద్రపోతాము. ఈ నాటకము అట్లు పోనివ్వదు.

ఆయన ఆయుధమేమిటో చెప్పాలి. ఐక్యరాజ్యసమితి సభలలో ఒడంబడిక ముసాయిదా వ్రాసేటప్పుడు, ఏ మాట మీదనైనా ఒక దేశమునకు అభ్యంతరముంటే దానిని చదరపు బ్రాకెట్లలో పెడతారు. బ్రాకెట్టు తీసేవరకు ఆ మాట ఉన్నట్టు కాదు, లేనట్టు కాదు. బ్రాకెట్లను పెంచుట, సభానియమముల మీద ప్రశ్నలు లేవదీయుట, తర్జుమా సరిగా లేదనుట, ఇంకా శాస్త్ర పరిశీలన జరగాలనుట, ఇవే ఆ పక్షమువారి అస్త్రములు. 1995 నవంబరులో మాడ్రిడ్ నగరములో శాస్త్రజ్ఞులు, ప్రభుత్వ ప్రతినిధులు కూడినప్పుడు, వాతావరణము మీద మానవుని ప్రభావమును వర్ణించే ఒక్క విశేషణము కొరకు ఎంతో పెనుగులాట జరిగినది. ఒక మాట మరీ బలముగా ఉన్నదన్నారు, మరొకటి మరీ మెత్తగా ఉన్నదన్నారు. చివరకు 'గుర్తింపదగినది' అను అర్థమిచ్చే మాట దగ్గర ఆగారు. వరద వచ్చి ఇంటి గడప దాటుచుండగా దానిని వరద అందామా, నీటి ప్రవాహమందామా అని ఇంటివారు వాదించుకొన్నట్లున్నది.

ఈ సభలలో ఓటు వేసే పద్ధతి కూడ లేదు. 1995 లో బెర్లినులో జరిగిన మొదటి మహాసభలోనే ఓటును గూర్చిన నియమము మీద ఒప్పందము కుదరలేదు. ఆనాడు వాయిదా పడిన నియమము ముప్పది ఏండ్లయినా ఆమోదము పొందలేదు. గనుక ఏ నిర్ణయమైనా ఏకాభిప్రాయముతోనే జరగాలి. ఏకాభిప్రాయమనగా అందరూ ఒప్పుకొనుట కాదు, ఎవరూ గట్టిగా కాదనకపోవుట. అధ్యక్షుడు చుట్టు చూచి, సుత్తి కొట్టితే అయిపోయినట్టే. సుత్తి కొట్టేవరకు మాత్రము ఏదీ అయినట్టు కాదు. ఆపగోరినవానికి ఇంతకంటె అనుకూలమైన సభ ఏది?

నాటకములో రెండవ ముఖ్యుడు రౌల్ ఎస్ట్రాడా. ఆర్జెంటీనా దేశపు దౌత్యవేత్త, క్యోటోలో ఒడంబడికను తయారుచేసిన సంఘమునకు అధ్యక్షుడు. డిసెంబరు 10 తో ముగియవలసిన సభ 11 వ తేదీకి ప్రాకినది. రాత్రంతా ప్రతినిధులు నిద్ర లేక కూర్చున్నారు, తర్జుమా చేసేవారు వెళ్ళిపోయారు. బీద దేశములు కూడ స్వచ్ఛందముగా బాధ్యత తీసుకోవచ్చునన్న అధికరణము మీద ఇండియా, చైనా అభ్యంతరము చెప్పగా ఎస్ట్రాడా దానిని కొట్టివేశాడు. మరొక అధికరణము మీద సభ చెదిరిపోవునట్లున్నప్పుడు కొంచెము విరామమిచ్చి, పక్కకు పిలిచి మాట్లాడి, తిరిగి వచ్చి, ఎవరైనా చేయెత్తేలోపల సుత్తి కొట్టాడు. ధనిక దేశములు 1990 నాటి స్థాయికంటె సుమారు 5 శాతము తగ్గించుటకు 2012 వరకు గడువుతో ఒప్పుకొన్నవి. అది చాలదని అప్పుడే అందరికీ తెలుసు. అదైనా ఏడేండ్లు దాటితే గాని, అనగా 2005 ఫిబ్రవరి 16 కు గాని, అమలులోకి రాలేదు. అమెరికా దానిని ఎన్నడు ఖాయపరచలేదు. పెర్ల్‌మన్ అదే 2005 లో చనిపోయాడు.

చనిపోయినవానికి తీర్పు తీర్చుట మన పని కాదు. అయినను ఆయన చేసినదానిని గూర్చి అడగవచ్చును. ఆయన ఎవరిని చంపలేదు. దొంగిలించలేదు. తన దేశపు గని కార్మికుల కూడు పోతుందని ఆయన అంటే అది అబద్ధము కాదు. శాస్త్రములో సందేహమున్నదంటే, 1990 ప్రాంతములో కొంత సందేహము నిజముగానే ఉన్నది. తన కక్షిదారుని పక్షమున వాదించుట వకీలు ధర్మము. మన సంఘములలో కూడ వకీళ్ళున్నారు, వాయిదా తీసుకోని వకీలును వారిలో ఒకరినైనా చూపించగలరా? ఆయన అడిగినదల్లా కొంచెము సమయము. సమయము అడుగుట పాపమా?

వాక్యములో వాయిదాలు రెండు విధములుగా కనబడుచున్నవి. అపొస్తలుల కార్యములు 5 వ అధ్యాయములో గమలీయేలు అపొస్తలులను చంపబోయినవారిని ఆపి, తొందరపడవద్దు, ఇది దేవునిది కాకపోతే దానంతట అదే పోవునని నచ్చజెప్పాడు. అది మంచి వాయిదా. (ఆ రోజు అపొస్తలులు దెబ్బలు తిన్నారన్నది కూడ మరువకూడదు. మంచి వాయిదాకు కూడ ఎవరో కొంత వెల చెల్లిస్తారు.) అదే గ్రంథము 24 వ అధ్యాయములో ఫేలిక్సు అను అధిపతి పౌలు మాటలు విని భయపడ్డాడు. భయపడినవాడు మారుమనస్సు పొందవలసింది. అతడు మాత్రము తీరిక చూచుకొని పిలుస్తానని పంపివేశాడు. లంచము దొరుకుతుందేమోనని మాటిమాటికి పిలిపించి మాట్లాడేవాడు. రెండేండ్లు గడిచినవి, పౌలు చెరసాలలోనే ఉన్నాడు. ఫేలిక్సు పౌలును కొట్టించలేదు, మరణశిక్ష వేయలేదు. ఏమీ చేయలేదు. ఆ ఏమీ చేయకపోవుటయే అతని పాపము.

ఈ రెండిటికి భేదమెక్కడ? కాలము పొడవులో కాదు. మోషే ధర్మశాస్త్రములో దీనికి కొలకర్ర ఉన్నది. లేవీయకాండము 19:13 చూడండి. కూలివాని కూలి తెల్లవారేవరకు యజమాని యొద్ద ఉండకూడదని ఆజ్ఞ. ఇవ్వనని యజమాని అనలేదు. రేపు ఇస్తానన్నాడు, అంతే. అయినను ఆ ఆజ్ఞ దోచుకొనుటను నిషేధించిన వచనములోనే, దాని ప్రక్కనే ఉన్నది. ఎందుకు? యజమానికి అది ఒక రాత్రి. కూలివాని ఇంటిలో అది వండని పొయ్యి. సామెతలు 3:28 లో కూడ అదే సంగతి. చేతిలో ఉండి కూడ పొరుగువానిని రేపు రమ్మని త్రిప్పకూడదు. కాబట్టి ఎంతకాలము వాయిదా అని కాక, ఆ కాలమునకు కూడు ఎవరి ఇంటినుండి పోవుచున్నదని అడగాలి. వాయిదా కోరినవాడే దాని ఖర్చు భరిస్తే అది ఓర్పు కావచ్చును. ఆ బల్ల దగ్గర కుర్చీ లేనివాడు భరిస్తే అది కూలి బిగబట్టుటయే.

మన బాప్టిస్టులకు ఈ భేదము పుస్తకము చూచి నేర్చుకోనక్కరలేదు, మన పుట్టుకలోనే ఉన్నది. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహాకరువును గూర్చి మన పెద్దలు చెప్పగా విన్నాము. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కుటవలన ఆనాడు ఇక్కడ వానలు తప్పినవని ఈనాటి శాస్త్రజ్ఞులంటారు. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ తవ్వకములో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టు తీసుకొని, మన ప్రసంగీకులను మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి పని, కూలి ఇప్పించారు. అదే కాలములో ఊరూరినుండి జనులు బాప్తిస్మమిమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. బియ్యము కొరకు వచ్చినారన్న మాట రాకూడదని, వచ్చినవారి విశ్వాసము కూడ పరీక్షింపబడవలెనని, సుమారు 15 నెలలు ఆపివేశారు. కరువు పని ముగిసి, ఇచ్చుటకు ఆయన చేతిలో ఏమీ లేనప్పుడు కూడ జనులు వచ్చారు. 1878 జూలై 3 న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ సంఖ్యను మనము వార్షికోత్సవములలో గర్వముగా చెప్పుకొంటాము. దాని వెనుకనున్న 15 నెలలను గూర్చి అంతగా చెప్పుకోము. క్లౌగారు ఆపినది బాప్తిస్మము, అన్నము కాదు. మిషనుకు వ్రాసే రిపోర్టులో లెక్క తగ్గితే తగ్గేది ఆయన పేరే. ఆకలిగొన్నవాని కూలి మాత్రము ఏ పూటకాపూట అందినది. అదే కరువులో మద్రాసు ప్రభుత్వపు కచ్చేరీలలో వేరొక చర్చ నడిచినది. కరువు పనికి వచ్చినవానికి రోజుకు ఒక పౌను ధాన్యము చాలునని సర్ రిచర్డ్ టెంపుల్, చాలదు, మనుష్యులు చస్తారని డాక్టర్ కార్నిష్, కాగితముల మీద వాదించుకొన్నారు. ఆ కాగితములు అటు ఇటు తిరిగేలోపల ఎందరు పోయారో! మన ఈ మైసూరు సంస్థానములోనే ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. కార్నిష్‌తో వాదించినవారు కూడ ఇంకా పరిశీలన కావాలన్నవారే.

ఇక మన బెంగుళూరు సంగతి. మనలో చాలమంది నెల్లూరునుండి, ఒంగోలునుండి, కర్నూలునుండి, పాలమూరునుండి ఉద్యోగములకు, కూలిపనులకు ఇక్కడికి వచ్చినవారము. తాగేది కావేరి నీళ్ళు. నూరు కిలోమీటర్ల దూరమునుండి, తొరెకాడనహళ్ళి మీదుగా, పంపులతో కొండ ఎత్తుకు ఎక్కించి తెచ్చిన నీళ్ళు. ఆ నీటి వెనుక ఒక సంధి కథ ఉన్నది. క్యోటో అంత పేరు పొందలేదు గాని, మన వీధులలో రక్తము చిందించిన కథ. మైసూరు, మద్రాసు ప్రభుత్వములు 1892 లో ఒకటి, 1924 లో ఒకటి ఒడంబడికలు చేసుకొన్నవి. రెండవదానిలోని కొన్ని షరతులను 50 ఏండ్లకు మరల చూడవలెనని వ్రాసుకొన్నారు. 1974 వచ్చినది. చూడలేదు. మంత్రులు కలిశారు, విడిపోయారు, మరల కలిశారు. 1990 జూన్‌లో ట్రిబ్యునల్ ఏర్పడేసరికి 16 ఏండ్లు గడిచినవి. ఆ మధ్యకాలములో ఎవరూ ఊరకుండలేదు. ఇటు కొత్త కాలువలు, అటు కొత్త పంటలు, నడుమ పెరిగిపోయిన ఈ నగరము. ఒప్పందము కాని ప్రతి సంవత్సరము తరువాతి ఒప్పందమును మరింత కష్టము చేసినది. 1974 లో పంచుకోవలసినదానికంటె 1990 లో పంచుకోవలసిన దాహము పెద్దది.

1991 లో మధ్యంతర ఉత్తర్వు రాగా, డిసెంబరులో ఈ నగరములో అల్లర్లు జరిగినవి. తమిళ సోదరుల ఇండ్లు, దుకాణములు కాలినవి, ప్రాణములు పోయినవి. 2016 సెప్టెంబరు 12 న మరల బస్సులు తగులబడినవి. 2007 లో తుది తీర్పు, 2018 ఫిబ్రవరి 16 న సుప్రీము కోర్టు సవరణ వచ్చినవి. ఆ సవరణలో కర్ణాటకకు 14.75 టి.ఎం.సి. అదనముగా వచ్చినది, అందులో 4.75 బెంగుళూరు తాగునీటికే. అంటే మన గ్లాసులోనికే. 1991 లో గుడిసె కాలిన తమిళ కూలివాడు ఏ మంత్రుల సమావేశములోను కూర్చోలేదు. వాయిదా కోరినవారిలో అతడు లేడు. ఖర్చు మాత్రము అతడు చెల్లించాడు. కృష్ణా నీటి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ రెండవ ట్రిబ్యునల్ 2004 లో ఏర్పడినది. ఆ సంవత్సరము పుట్టిన పిల్లలు ఇప్పుడు ఓటర్లు.

'క్యోటో' చదువుచు పెర్ల్‌మన్‌ను తిట్టుకొనుట మన ఇండియా క్రైస్తవులకు తేలిక. పాపము అమెరికాది, చమురు రాజులది, మనము బాధితులము. అది చాలవరకు నిజము కూడ. ఈనాటికి మన దేశములో సగటు మనిషి గాలిలోనికి విడిచే బొగ్గుపులుసు వాయువు అమెరికా మనిషి విడిచేదానిలో సుమారు ఏడవ వంతు. 1995 బెర్లిను సభలో ఇండియా చమురు దేశముల మాట వినక, డెబ్బదికి పైగా బీద దేశములను కూడగట్టి, మునిగిపోవు చిన్న ద్వీపముల పక్షమున నిలబడినది. ఆ నిలబడుటవలననే క్యోటోకు త్రోవ ఏర్పడినది. మనము గర్వపడదగిన సంగతి అది.

అయితే 2021 నవంబరు 13 న గ్లాస్గో సభ ముగింపు గడియలో బొగ్గును 'తొలగించుట' అన్న మాటను 'తగ్గించుట' అని మార్చవలెనని చదివినది మన మంత్రియే. ఆ సభ అధ్యక్షుడు ఆలోక్ శర్మ, ఆగ్రాలో పుట్టినవాడు, క్షమించమని చెప్పుచు గొంతు పూడి ఆగిపోయాడు. లోకమంతా చూచినది. మన వాయిదా గమలీయేలు వాయిదాయా, ఫేలిక్సు వాయిదాయా?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పేవారిని నేను నమ్మను. బెంగుళూరు దీపములకు కరెంటు పంపే రాయచూరు థర్మల్ స్టేషనులో కాలేది చాలవరకు సింగరేణి బొగ్గు. కొత్తగూడెములో, ఇల్లందులో మన బంధువులున్నారు. ఆ బొగ్గు జీతముతో చదివి ఇక్కడ కంప్యూటరు ఉద్యోగము చేస్తున్న పిల్లలు మన గానబృందములలోనే పాడుచున్నారు. బొగ్గు రేపే ఆగాలని పులిపీఠము మీదనుండి అనుట సులభము, ఆ గని కార్మికుని ఇంట భోజనము చేసి అనుట కష్టము. వాని కొరకు, ఇంకా కరెంటు సరిగా అందని పల్లె కొరకు సమయమడిగితే అది కూలి బిగబట్టుట కాదు. కూలి అందేవరకు ఆగమనుట. అంతవరకు మన మంత్రి మాట న్యాయమే అంటాను.

ఆ మాట నాలుగు ఏ.సి.లు ఉన్న అపార్టుమెంటులో కూర్చున్న నాకు, మీకు చెల్లుతుందా? బీదవాని పేరు మీద తీసుకొన్న వాయిదాను భాగ్యవంతుడు అనుభవించుచున్నాడు. పెర్ల్‌మన్ కూడ గని కార్మికుని పేరే చెప్పాడు గదా, డబ్బిచ్చి పంపినవారు వేరు. మన దేశము లోకముతో, మీరు ముందు తినినారు, మీరు ముందు తగ్గించండి అంటున్నది. అనంతపురములో ఏడవ బోరు కూడ ఎండిపోగా అప్పుతో పొలము విడిచి, మన అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వచ్చినవాడు అదే మాట మనతో అంటే ఏమి చెపుతాము? 1997 లో గాలిలో పది లక్షల భాగములకు సుమారు 364 ఉన్న బొగ్గుపులుసు వాయువు 2024 నాటికి సుమారు 424 అయినది. ఆ తేడాలో అతని వంతు ఏమంత లేదు.

2024 వేసవిలో ఈ నగరములోనే వేలకొలది బోర్లు ఎండినవి. ట్యాంకరు కొరకు బిందెలు వరుస కట్టినవి. ఆ అక్టోబరులో కావేరి అయిదవ దశ ప్రారంభమై రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్ల నీటికి ఏర్పాటు జరిగినది. దానితో చాలమంది ఆ వేసవిని మరచిపోయారు.

ఇక సంఘము మాట. మనము బాప్టిస్టులము. మనకు బిషపు లేడు. ప్రతి సభ్యునికి స్వరమున్నదని, సంఘముగా కూడి నిర్ణయించుటయే క్రమమని మన సిద్ధాంతము. ఎస్ట్రాడా సభలో లేని ఓటు మన సభలో ఉన్నది. అయినను మన బిజినెస్ మీటింగులలో ఎన్ని తీర్మానములు ఓటుతో జరుగుచున్నవో ఆలోచించండి. "అభ్యంతరమున్నవారు చేయెత్తండి" అంటారు. ఎవరూ ఎత్తరు. అయిపోయింది. పెద్దలకు ఇష్టము లేని సంగతి అయితే "కమిటీకి అప్పగిద్దాము" అంటారు. దానికీ ఎవరూ చేయెత్తరు. వెనుక బెంచీలో కూర్చున్న విధవరాలు, ఇంటిపనులు చేసుకొనే అక్క, గత సంవత్సరము బాప్తిస్మము పొందిన కుర్రవాడు, వీరి మౌనమును మనము అంగీకారముగా మినిట్సులో వ్రాసుకొంటాము. వారు ఒప్పుకొన్నారో, భయపడినారో, అసలు అర్థమైనదో లేదో అడిగినవారు లేరు.

నాకు తెలిసిన ఒక తెలుగు సంఘము ఈ నగరములో ఉన్నది, పేరు చెప్పను. పెద్ద మందిరము, పెద్ద డాబా. వాననీటిని పట్టి నేలలోనికి ఇంకించే ఏర్పాటు 2009 నుండి ఈ నగరములో 2,400 చదరపు అడుగుల స్థలమున్న పాత కట్టడములకు కూడ తప్పనిసరి. ఆ సంఘములో ఒక యువకుడు ఈ సంగతి మీటింగులో లేవదీశాడు. ఎవరూ వద్దనలేదు. అది మంచిపని అని పాస్టరుగారు కూడ అన్నారు. అంచనా కావాలన్నారు, తెచ్చాడు. మరొక అంచనా కావాలన్నారు, తెచ్చాడు. బిల్డింగు కమిటీ చూడాలన్నారు. కమిటీలో ఒకరు ఊరికి వెళ్ళారు. మందిరము ముందు నేల తవ్వితే క్రిస్మసు పందిరికి అడ్డమౌతుందని ఒకరన్నారు. ఈస్టరు తరువాత చూద్దామన్నారు. ఇట్లు మూడేండ్లు. ఈలోగా నీటి బిల్లుతో పాటు నెలనెలా జరిమానా కడుచున్నారు, కానుక పెట్టెలోని డబ్బుతోనే. 2024 మార్చిలో మందిరపు బోరు కూడ ఎండి ట్యాంకరు తెప్పించారు. మందిరము వెనుక సందులో రేకుల ఇండ్లవారు అంతకుముందు ఆదివారములు వచ్చి ఆ బోరు కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకొనేవారు. ట్యాంకరు వచ్చిన తరువాత కొళాయికి తాళము వేశారు. దానికి ఎవరినీ దోషులనలేము, డబ్బిచ్చి కొన్న నీళ్ళు గదా. కాని ఆ రేకుల ఇండ్లవారు ఏ కమిటీలో ఉన్నారు?

ఆ సంఘములోనివారు నాకు మంచి స్నేహితులు, ప్రార్థనాపరులు. ఒక్కరిలోను చెడు ఉద్దేశము లేదు. పెర్ల్‌మన్ వంటివాడు వారిలో ఎవరూ లేరు. పెర్ల్‌మన్ లేకుండగనే ఆ పని ఆగినది. అది నన్ను ఆ నాటకముకంటె ఎక్కువ కలవరపరచుచున్నది.

ఆ సంఘపు వార్షిక సమావేశము త్వరలో జరుగనున్నది. అజెండాలో ఆరవ అంశము ఇంకుడు గుంత. ఈసారి చేతులెత్తి కాక, చీటీల మీద ఓటు పెట్టమని, వెనుక బెంచీవారిని ముందుగా మాట్లాడనివ్వమని ఆ యువకుడు కార్యదర్శికి వ్రాసి ఇచ్చాడు. కార్యదర్శి ఇంకా జవాబివ్వలేదు. పాత అంచనా ఇచ్చిన మేస్త్రీ ఇప్పుడు ఆ ధరకు రానంటున్నాడు.